ఈకల వెలోసిరాప్టర్ బొమ్మ: ముంజేయి భేష్, వేలి దగ్గరే తప్పు

ఈకల డైనోసార్ బొమ్మ కొనేటప్పుడు ముందు దాని చెయ్యి తిప్పి చూడాలి. చేసినవాళ్లు ఎముకలు చూసి చేశారో, పాత బొమ్మకే ఈకలు అతికించారో అక్కడ తెలిసిపోతుంది.

ఇది వెలోసిరాప్టర్ అనే చిన్న మాంసాహార డైనోసార్‌కు ఆరో వంతు కొలతలో పీవీసీతో చేసిన బొమ్మ. ముక్కు కొస నుంచి తోక చివరిదాకా టేపు పెడితే 34 సెంటీమీటర్లు. అసలు జంతువు పొడవు సుమారు 2 మీటర్లు, నడుము దగ్గర ఎత్తు అర మీటరు, కాబట్టి లెక్క కుదిరింది. సినిమాల్లో మనిషెత్తు రాప్టర్లను చూసినవాళ్లకు మరీ చిన్నదనిపిస్తుంది గానీ, నిజం ఇదే.

మంగోలియాలో దొరికిన ఒక వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద వరసగా 6 బుడిపెలు ఉన్నాయని 2007లో ప్రకటించారు. ఇప్పటి పక్షుల్లోనూ రెక్క ఈకల కాడలు ఎముకను పట్టుకుని ఉండేది అలాంటి బుడిపెల దగ్గరే. వాటి ఎడాన్ని బట్టి ముంజేతికి 14 పెద్ద ఈకలు ఉండేవని అంచనా వేశారు. బొమ్మ ఎడమ ముంజేతికి లెక్కపెడితే సరిగ్గా 14, కుడిచేతికీ అంతే. ప్రతి ఈక మీదా నడిమి కాడ గోటికి తగులుతుంది. పైవరస చిన్న ఈకలు కింది పెద్ద ఈకల మొదళ్లను ఇంటిపెంకుల్లా కప్పుతాయి. ఈ ధరల శ్రేణిలో ఇంత శ్రద్ధ అరుదు.

మణికట్టు దాటగానే పని చెడింది. పెద్ద ఈకలు అక్కడే ఆగిపోయి, మూడు వేళ్లూ బోడిగా బయటికొచ్చాయి, పొడుగుచేతుల చొక్కా తొడిగినట్టు. దీని దగ్గరి బంధువు మైక్రోరాప్టర్ శిలాజాల్లో ఈకలు చేతి మీదుగా రెండో వేలి వెంట సాగుతాయి. మూడింట్లో పొడుగైనది ఆ వేలే. ముంజేతి ఈకలకు అంత కష్టపడి, రెక్కలో అన్నిటికన్నా పొడుగైన ఈకల్నే వదిలేయడం బాధాకరం. అరచేతులు మాత్రం చప్పట్లు కొట్టబోతున్నట్టు ఎదురెదురుగా ఉన్నాయి, అది సరైనదే. ఆ మణికట్టుతో అరచేయి నేలకేసి తిప్పడం దానికి సాధ్యం కాదు.

కాళ్లూ బాగున్నాయి. రెండో కాలివేలి కొడవలి గోరు నేలకు తగలకుండా పైకెత్తి ఉంది, బరువంతా మూడో, నాలుగో వేళ్ల మీదే. అందుకే ఎండ తగిలే అరలో పెడితే చీలమండలు మెత్తబడి ముందుకు ఒరుగుతుంది. అలా జరిగితే ఆ కాలిని 70 డిగ్రీల వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి, సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో రెండు మూడు నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. మరిగే నీళ్లు వాడితే ఈకల కొసలు ముడుచుకుపోతాయి.

ఒంటికి ఇసుక రంగు, దాని మీద నల్లచారలు. చూడ్డానికి నప్పింది. పెట్టెలోని కార్డు మాత్రం దీన్ని 'శాస్త్రం తేల్చిన రంగు' అంటోంది, అది తప్పు. వెలోసిరాప్టర్ ఎముకల చుట్టూ ఈకల అచ్చులు మిగల్లేదు, రంగు ఎక్కడి నుంచి తెలుస్తుంది? రంగు తెలిసినవి వేరే ఉన్నాయి. 1996లో చైనాలోని లియావోనింగ్ నుంచి వెలుగులోకొచ్చిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ తోకకు ఎర్రగోధుమ, లేత రంగు పట్టీలు ఉండేవని 2010లో రంగు కణాల అవశేషాలను చూసి చెప్పారు. మైక్రోరాప్టర్ కాకి రెక్కలా నల్లగా నిగనిగలాడేది.

అదే కార్డు మీద టీ-రెక్స్‌కు ఒళ్లంతా ఈకలు వేశారు. దాని మెడ, నడుము, తోక దగ్గరి చర్మపు అచ్చుల్లో పొలుసులే ఉన్నాయని 2017లో తేలింది. 9 మీటర్ల బంధువు యూటిరానస్‌కు ఈకలు ఉన్నమాట నిజమే. అంతమాత్రాన టీ-రెక్స్‌కూ తొడిగేయకూడదు.

కొనొచ్చు, చేతిని బాగుచేసుకునే ఓపిక ఉంటే. రెండో వేలి వెనక అంచును సన్నటి ఉప్పుకాగితంతో గరుకు చేయాలి, లేకపోతే పీవీసీకి పుట్టీ పట్టదు. ఎపాక్సీ పుట్టీని (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది) పలచగా ఒత్తి, ముంజేతి ఈకల కన్నా పొడుగ్గా కోసి, మణికట్టు వైపు నుంచి వేలి కొసకేసి ఒక్కొక్కటిగా అతికించాలి. ఒక రోజంతా ఆరనిచ్చాకే యాక్రిలిక్ రంగు. మొదటి వేలిని మాత్రం బోడిగానే వదలాలి.