హొసే హొసే పుట్టిన పేటలో ఒక పూట

డాలస్‌లో మా ఆఫీసులో నా పక్క సీటు మెక్సికన్ ఆవిడ కారెక్కిందంటే మెక్సికో గాయకుడు హొసే హొసే పాటలే. స్పానిష్ ముక్క రాకపోయినా ఆయన ‘ఎల్ త్రిస్తే’ పాట నాకూ పట్టేసింది. మొన్న లాంగ్ వీకెండ్‌కి మెక్సికో సిటీ అనుకున్నప్పుడు పిరమిడ్లు మావారి లిస్టు, హొసే హొసే నా లిస్టు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మన పాస్‌పోర్టుకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. ఆ టెన్షన్ తప్పింది.

మొదటి రాత్రి పాత ఊళ్లో ఒక హోటల్లో దిగాం. రూమ్ ఫొటోల్లో ఉన్నట్టే ఉంది, కానీ వేడినీళ్లు ఒక బకెట్‌తో సరి, కింద బార్ పాటలు రెండింటిదాకా. మర్నాడే రోమా పేటలోని చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. డబ్బు ఎక్కువైనా నిద్ర పట్టింది. పొద్దున్నే పాత ఇనుము, పరుపులు, ఫ్రిజ్‌లు కొంటామంటూ చిన్నపిల్ల గొంతు రికార్డు వేసుకుని బండి తిరుగుతుంది, దాన్నుంచి మాత్రం ఎక్కడ దిగినా తప్పించుకోలేరు.

హొసే హొసే పుట్టిన పేట క్లావెరియా. మెట్రో ఏడో లైన్‌లో రెఫినేరియా స్టేషన్‌లో దిగి నడిచాం. టికెట్ 5 పెసోలు. ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ గుర్తు ఉంటుంది కాబట్టి పేరు నోరు తిరక్కపోయినా దారి తప్పరు. క్లావెరియా ఉన్న అస్కాపొత్సాల్కో ప్రాంతానికైతే గుర్తు చీమ, ఆ పేరుకి అర్థమే చీమలపుట్టల చోటు అట.

పార్కే దె లా చీనాలో ఆయన విగ్రహం ఉంది. టూరిస్టులం మేమిద్దరమే. విగ్రహం కాళ్ల దగ్గర వాడిన గులాబీలు, వాటి పక్కన ఎవరో పెట్టిన తాజా గులాబీ ఒకటి, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే.

అసలు పేరు హొసే రోములో సోసా ఓర్తీస్. 1948 ఫిబ్రవరి 17న పుట్టారు. తండ్రి ఒపెరా గాయకుడు, తల్లి పియానో వాయించేది. తండ్రి 1968లో పోయాక ఆయన పేరులోని హొసేని తన పేరుకి కలుపుకున్నారు, అందుకే రెండు హొసేలు. 1970 మార్చిలో పాటల పోటీలో రొబెర్తో కాంతొరాల్ రాసిన ‘ఎల్ త్రిస్తే’ పాడితే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇచ్చింది మూడో స్థానం! బెంచీ మీద ఒక పెద్దాయనతో ఫోన్ ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని మాట్లాడాను. అంతసేపూ నవ్వుతూ ఉన్నాయన మూడు వేళ్లు చూపించి తల అడ్డంగా ఊపాడు. యాభై ఏళ్లు దాటినా ఆ మంట చల్లారలేదు.

తండ్రిని తినేసిన మందే కొడుకునీ పట్టుకుంది. 1983లో మాన్యుయెల్ అలెహాంద్రో పాటలతో వచ్చిన ‘సెక్రేతోస్’ ఆల్బమ్ నాటికి శిఖరం మీద ఉన్న మనిషి, పదేళ్లకి ఒక టాక్సీలో పడుకుని రోజులు గడిపాడు. స్నేహితులు అమెరికా పంపి మాన్పించారు. ప్రాణం నిలబడింది కానీ గొంతు తిరిగి రాలేదు. పాత రికార్డింగూ చివరి రోజుల ఇంటర్వ్యూ పక్కపక్కన వింటే నాకు కడుపులో దేవినట్టయింది.

2019 సెప్టెంబర్ 28న ఫ్లోరిడాలో పోయారు. చితాభస్మంలో సగమే స్వదేశానికి వచ్చింది. దాన్ని బెయాస్ ఆర్తెస్ భవనంలో జనం దర్శనానికి ఉంచి, తర్వాత క్లావెరియాకీ తీసుకొచ్చారు. పాలరాతి భవనం చూడ్డానికి గొప్పదే కానీ, ఆయన కోసమే అయితే లోపలికి వెళ్లక్కర్లేదు. బయట ఖాకీ యూనిఫాంలో చేతిపెట్టె తిప్పి పాట వాయించేవాళ్ల టోపీలో చిల్లర వేసి వచ్చేయండి.

సమాధి ఫ్రెంచి శ్మశానంలో, తల్లి పక్కన. సెంత్రో మెదికో స్టేషన్ దగ్గరే. ముందురోజు పిరమిడ్ల ఎండకి పడి నిద్రపోయి లేటుగా బయల్దేరాం, వెళ్లేసరికి గేటు మూసి ఉంది. తప్పు మాదే. సమాధి చూడాలనుకుంటే పొద్దున అదే ముందు పెట్టుకోండి, క్లావెరియా మధ్యాహ్నానికైనా ఎక్కడికీ పోదు.

తిండి సంగతి ఒక్కటి. ఈ ఊళ్లో కెసడియా (లోపల కూర పెట్టి మడిచి కాల్చే రొట్టె) అంటే చీజ్ ఉండి తీరాలని లేదు, “కోన్ కేసో”, అంటే చీజ్‌తో, అని విడిగా చెప్పాలి. శాకాహారులు బీన్స్ పంది కొవ్వుతో వేయించారా అని కూడా అడగాలి. పార్కు దగ్గర బండి ఆవిడ నా ప్రశ్నలకి విసుక్కోకుండా, పెనం పక్కకి జరిపి నాకు విడిగా చేసిచ్చింది. గుమ్మడిపువ్వు కూరింది, మావారు రెండు తిన్నారు.