మా పాప హియరింగ్ ఎయిడ్, స్కూల్ మైక్ - విజయనగరంలో తీసుకున్నాం, రివ్యూ

విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి సైడ్ పేరెంట్స్ చాలామంది అడుగుతున్నారు ఏ మెషిన్ కొన్నారు ఎంతయ్యింది అని, అందుకే మొత్తం ఇక్కడే రాసీస్తున్నా. కంపెనీ పేరు మాత్రం కావాలనే పెట్టట్లేదు. మా పాప ఆడియోగ్రామ్‌కి (వినికిడి టెస్ట్ రిపోర్టు) సరిపోయింది మీ బాబుకి సరిపోవాలని లేదు, పేరు చూసి కొనీస్తారేమో అని నా భయం.

పాప రెండో క్లాసు. రెండు చెవులకీ నరం లాస్ (లోపలి చెవి, నరం వల్ల వచ్చే చెవుడు), కింద ఫ్రీక్వెన్సీలు అంటే లావు శబ్దాలు కొంచెం పర్లేదు, పై ఫ్రీక్వెన్సీలు అంటే సన్నటి కీచు శబ్దాలు 70 డెసిబెల్స్ దాకా పెంచితే గానీ వినపడవు. ఇలాంటి పిల్లల్ని చూసి చుట్టాలందరూ ఒకటే మాట, పిలిస్తే పలుకుతుంది కదా చెవుడేటి అని. పలుకుతుందండీ, ఎందుకంటే ఆ, ఈ, ఓ లాంటివి గట్టిగా ఉంటాయి, వినపడిపోతాయి. స, ష, ఫ ఇలాంటివే చాలా వీక్‌గా ఉంటాయి, పైగా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, ఆడవాళ్ళ గొంతులో, చిన్నపిల్లల గొంతులో స అయితే 8000 హెర్ట్జ్ దాకా వెళ్ళిపోద్ది. అంటే ఇంట్లో రోజంతా దానితో మాట్లాడేది నేను, వాళ్ళ అమ్మమ్మ, మా గొంతులోనే అది దానికి దొరకదన్నమాట. సీత అంటే ఈత వినపడేది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏటి మాట్లాడుతున్నారో తెలీదు.

మేం తీసుకున్నది చెవి వెనక పెట్టే బీటీఈ, పిల్లల మోడల్, జత లక్ష దాటింది. లోపల పెట్టే చిన్నవి ఎందుకివ్వరు అంటే పిల్లల చెవి పెరుగుతూ ఉంటుంది కాబట్టి, బీటీఈ అయితే మోల్డ్ (చెవి అచ్చు తీసి చేసే, చెవిలో కూర్చునే ముక్క) ఒక్కటే మార్చుకోవచ్చు. బ్యాటరీ తలుపుకి లాక్ ఉంది, ఇది చిన్నపిల్లలున్న ఇంట్లో తప్పనిసరిగా చూసుకోండి, ఆ బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదకొస్తుంది. 13 సైజు బ్యాటరీ, ఆరెంజ్ స్టిక్కర్, స్టిక్కర్ పీకిన వెంటనే మూత వేసీకుండా ఒక నిమిషం గాలి తగలనివ్వండి, అది గాలితోనే పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. షోరూముల్లో ఎక్కడికెళ్ళినా ఇన్ని ఛానెల్స్, బ్లూటూత్, ఫోన్‌లో యాప్ అని చెప్తారు, దానికే రేటు పెరుగుద్ది. పిల్లలకి అంతకన్నా ముఖ్యం సెట్టింగ్. చిన్న చెవిలో జాగా తక్కువ, అదే మెషిన్ అదే సెట్టింగ్‌లో పెద్దవాళ్ళ చెవిలో కంటే పిల్లల చెవిలో ఎక్కువ సౌండ్ ఇస్తుంది, అందుకే సన్నటి ట్యూబ్ చెవిలో పెట్టి లోపల నిజంగా ఎంత వస్తోందో కొలవాలి. పిల్లల కోసం కెనడా వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన, ఏ సౌండ్ ఎంత పెంచాలో చెప్పే డీఎస్ఎల్ అనే లెక్క ఉంది, దాని ప్రకారం సెట్ చేస్తారా అని అడగండి. మేం వెళ్ళిన క్లినిక్‌లో మేడమ్ చాలా ఓపిక, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంది, పాపతో ఆడుకుంటూ టెస్ట్ చేసింది, కానీ ఆ కొలిచే మెషిన్ వాళ్ళ దగ్గర లేదు, దానికోసం వైజాగ్ పోవాల్సొచ్చింది. జిల్లా హెడ్‌క్వార్టర్‌లో ఇది లేకపోవడం బాధగా ఉంది, సాలూరు, పార్వతీపురం నుంచి పిల్లని ఎత్తుకుని వచ్చేవాళ్ళు మళ్ళీ వైజాగ్ దాకా ఎలా వెళ్తారు?

పై సౌండ్లని కిందకి దించి వినిపించే ఆప్షన్ కూడా ఉంది. మేడమ్ వెంటనే ఆన్ చెయ్యలేదు, ముందు మామూలుగా పెంచి స వినపడుతుందో లేదో చూసింది, ఎక్కువ దించీస్తే స, ష రెండూ ఒకేలా వినపడతాయంట. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

మెషిన్ పెట్టాక ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో తేడా స్పష్టంగా తెలిసింది. క్లాసులో మాత్రం లేదు. మేడమ్ లాప్‌టాప్‌కి పెట్టి చూస్తే రోజుకి ఎన్ని గంటలు వాడుతోందో అందులోనే రికార్డ్ ఉంటుంది, స్కూల్ టైంలో తీసీసి బ్యాగులో పెడుతోందని అప్పుడు తెలిసింది. ఫ్యాను, బెంచీలు లాగడం, పక్క క్లాసు ఎక్కాలు అన్నీ కలిపి వస్తాయి కదా మరి. నాయిస్ రిడక్షన్ ఉంది కదా అంటారు, అది చెవికి హాయిగా ఉంచుతుంది అంతే, గోల మధ్యలో మాట అర్థమవ్వడానికి పెద్దగా పనికిరాదు. దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ తగ్గిపోద్ది, టీచర్ బోర్డు దగ్గర, పాప మూడో బెంచీ, ఇక మెషిన్ మాత్రం ఏం చేస్తుంది.

దానికి మందు రిమోట్ మైక్. టీచర్ మెడలో వేసుకుంటారు, నోటికి జానెడు దూరంలో ఉంటుంది, ఆవిడ మాట నేరుగా పాప మెషిన్‌లోకి వస్తుంది, ఎక్కడ నిలబడినా చెవి పక్కన చెప్పినట్టే. డిక్టేషన్‌లో ఎంత మార్పొచ్చిందో వాళ్ళ టీచరమ్మే ఫోన్ చేసి చెప్పింది, ఆ రోజు నాకు కాళ్ళు నేల మీద లేవు. రేటు చిన్నది కాదు, విడిగా కొనాలి, కానీ డబ్బు లిమిట్‌గా ఉంటే పై మోడల్‌కి వెళ్ళకుండా మామూలు మోడల్ + మైక్ తీసుకోండి అనే నేను చెప్తా. కొనేముందే ఆ మెషిన్‌కి ఏ మైక్ కనెక్ట్ అవుతుందో అడగండి, అన్నిటికీ అన్నీ కలవవు. ఇంకోటి, పక్క పిల్లలు చెప్పే ఆన్సర్లు ఆ మైక్‌లోకి రావు, టీచర్ మళ్ళీ ఒకసారి చెప్పాలి, ఇది స్కూల్లో ముందే మాట్లాడుకోండి.

రోజూ పొద్దున్న పెట్టగానే నేను నోటికి అడ్డంగా పేపర్ పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అంటా, అది తిరిగి చెప్పాలి. లింగ్ టెస్ట్ అంటారు. స్ చెప్పలేదంటే ట్యూబులో చెమట తేమో, గుబిలో, బ్యాటరీ అయిపోవడమో చూసుకుంటాం. మన దగ్గర ఉక్కపోత తెలిసిందే, రాత్రి సిలికా జెల్ డబ్బాలో పెట్టకపోతే బేగి పాడైపోద్ది. మోల్డ్ బయట ఊర్లో తయారై రావడానికి ఆలస్యం అవుతోంది, ఈలోగా పాతది లూజై కూ అని కూత, దీనికి మార్కులు తీసీస్తా. మెషిన్‌కి 4, మేడమ్‌కి 5, మోల్డ్ సర్వీసుకి 2.

భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ సెంటర్లు), అడిప్ స్కీం (వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం) క్యాంపుల్లో ఫ్రీగా మెషిన్ వచ్చినవాళ్ళు అది ఉత్తదని బీరువాలో పెట్టీకండి, రిపోర్టు పట్టుకుని ఆడియాలజిస్ట్ దగ్గరకెళ్ళి పాప చెవికి మోల్డ్ తీయించి సెట్ చేయించండి. అన్నీ సరిగ్గా చేసినా మాట అందట్లేదంటే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే మెషిన్) గురించి అడగడం ఆలస్యం చెయ్యొద్దు, ప్రభుత్వ స్కీముల్లో దానికి వయసు లిమిట్లు ఉంటాయి.