స్టెమ్ సెల్ పీహెచ్‌డీ: ఆసుపత్రి పక్క ల్యాబా, బ్రిటన్ ట్రైనింగ్ సెంటరా? ఏది మేలు?

ఎంఎస్సీ చివరి సెమిస్టర్ పిల్లలు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది. "మేడం, రీజెనరేటివ్ మెడిసిన్‌లో (దెబ్బతిన్న అవయవాలను కణాలతో బాగుచేసే వైద్యంలో) పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇక్కడే చేయమంటారా, బయటికి వెళ్లమంటారా?" వాళ్ల టెన్షన్ అంతా ఏ దేశం అనేదాని గురించే. నేను మాత్రం ముందు ఒక కంటి జబ్బు సంగతి చెబుతాను.

కిళ్లీ సున్నం ప్యాకెట్ పగిలి పిల్లల కళ్లలో పడడం మన దగ్గర కొత్తేమీ కాదు. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు (స్టెమ్ సెల్స్) కాలిపోతే కార్నియా మీద కొత్త పొర రాదు. కన్ను తెల్లబడి చూపు పోతుంది. ఇటలీలోని మోడెనాలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మికేలే డి లూకా బృందం బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి నాటే పద్ధతిని ఒక మందుగా తీర్చిదిద్దింది. దానికి హోలోక్లార్ పేరుతో 2015లో యూరప్‌లో అనుమతి వచ్చింది. మూలకణాల మందుకు అక్కడ అదే మొదటి అనుమతి.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ 2001 నుంచే అలా కణాలు పెంచి నాటేవారు. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఇంకో దారి చూపింది. ముక్కను ల్యాబ్‌కు పంపకుండా ఆపరేషన్ థియేటర్‌లోనే తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద ఫిబ్రిన్ జిగురుతో అంటిస్తారు. కణాలు కంట్లోనే పెరుగుతాయి. దీన్నే స్లెట్ అంటారు. దీనికి ఖరీదైన క్లీన్‌రూమ్ (దుమ్ము, సూక్ష్మజీవులు చొరబడని గది) అక్కర్లేదు.

జబ్బు ఒకటే, అడిగిన ప్రశ్నలు వేరు. "ప్రతిసారీ ఒకే నాణ్యతతో ఎలా తయారుచేయాలి?" అన్నది ఇటలీ వాళ్ల ప్రశ్న. "ఈ పిల్లాడి తండ్రి దీన్ని ఎలా భరించగలడు?" అన్నది ఇక్కడి ప్రశ్న. మీరు పీహెచ్‌డీ చేసే చోటు ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని మీకు జీవితాంతం అలవాటు చేస్తుంది.

బ్రిటన్ పద్ధతి బలం తయారీలో, అంటే ఆ మొదటి ప్రశ్నలో ఉంది. లఫ్‌బరో, కీల్, నాటింగ్‌హామ్ యూనివర్సిటీలు కలిసి నడిపిన డాక్టోరల్ ట్రైనింగ్ సెంటర్ దీనికి మంచి ఉదాహరణ. ఇంజినీర్లు, బయాలజీ వాళ్లు ఒకే బ్యాచ్‌లో చేరి, ముందు కలిసి పాఠాలు చదివి, తర్వాత ఎవరి ప్రాజెక్టు వారు చేసుకునేవారు. ఈ పాఠాలు ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను. ప్రాణమున్న కణాలను చాలా ఇంజెక్షన్ మందుల్లాగా చివర్లో స్టెరిలైజ్ చేయలేం, చేస్తే చచ్చిపోతాయి. సూక్ష్మజీవులు లేవని తేల్చే మామూలు పరీక్షకు 14 రోజులు పడుతుంది. ఫ్రీజ్ చేయని కణాలు అన్నాళ్లు ఆగవు. అంటే పరీక్ష పూర్తి ఫలితం రాకముందే మందు రోగికి ఎక్కించాలి. ఆ ధైర్యం ఎక్కడి నుంచి రావాలి? ప్రతి అడుగునూ ముందే కట్టుదిట్టం చేయడం నుంచి. మన దగ్గర చాలా పీహెచ్‌డీల్లో ఈ విషయం ఎవరూ నేర్పరు. నేనూ డిగ్రీ చేతికొచ్చాకే నేర్చుకున్నాను, అది ఇప్పటికీ బాధే.

మరి ఇక్కడేముంది? వెల్లూరులో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి ప్రాంగణంలోనే స్టెమ్ సెల్ పరిశోధన కేంద్రం ఉంది. డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం తీవ్రమైన హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి వాళ్ల సొంత రక్త మూలకణాల్లోనే సరైన జన్యువును చేర్చి ఎక్కించింది. ఆ ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. అంతకుముందు మాటిమాటికీ రక్తస్రావంతో బాధపడినవాళ్లకు చికిత్స తర్వాత ఆ బాధ ఆగింది. అలాంటి చోట పీహెచ్‌డీ చేసే అమ్మాయికి తన ట్యూబ్‌లో ఉన్న కణాలు ఎవరివో తెలుస్తుంది. ఏ ఇంటర్న్‌షిప్‌తోనూ రాని చదువు అది.

డబ్బు సంగతి. ఇక్కడ పీహెచ్‌డీ వాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, పైగా ఇంటి అద్దె భత్యం. కానీ నెలనెలా వస్తుందని నమ్మకం లేదు, నాకు ఒకసారి ఏడు నెలలది ఒకేసారి వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ స్టైపెండ్ 2025-26లో ఏడాదికి 20,780 పౌండ్లు. అయితే ఆ సీట్లలో విదేశీయులకు 30 శాతానికి మించి ఇవ్వరు. వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ కూడా కట్టాలి. అక్కడ నాలుగేళ్లలోపు అయిపోతుంది, ఇక్కడ ఐదారేళ్లు అనుకోండి.

నా సలహా మనిషిని బట్టి మారుతుంది. ఇంజినీరింగ్, ఫార్మా నుంచి వచ్చి కణాల తయారీలోనే స్థిరపడాలనుకుంటే బ్రిటనే మేలు. మన రోగులకు అందే చికిత్స చేయాలనుంటే పీహెచ్‌డీ ఆసుపత్రి పక్కనే చేయండి, తయారీ నేర్చుకోవడానికి పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు) బయటికి వెళ్లండి. ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్ హార్వర్డ్‌లో పోస్ట్‌డాక్ చేసి తిరిగొచ్చారు. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లతో కలిసి చేసిన కార్-టి చికిత్స (రోగి రక్తంలోని టి కణాలనే క్యాన్సర్‌తో పోరాడేలా మార్చి ఎక్కించడం) నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ధర విదేశాల్లో ఉన్నదానిలో దాదాపు పదో వంతు. ల్యాబ్, ఆసుపత్రి ఒకే ఊళ్లో ఉండడం ఎంత కలిసొస్తుందో అక్కడ చూడొచ్చు.

ఎక్కడైనా సరే, గైడ్‌కు మెయిల్ పెట్టే ముందు ఆ ల్యాబ్‌లో నాలుగో ఏడు చదువుతున్న స్కాలర్‌కు ఫోన్ చేయండి. క్లీన్‌రూమ్‌లోకి ఎన్నిసార్లు వెళ్లావు, మీ పని చేరాల్సిన రోగిని ఎప్పుడైనా చూశావా అని అడగండి. రెండింటికీ "లేదు" అన్న జవాబు వస్తే, ఆ ల్యాబ్ ఏ దేశంలో ఉన్నా ఇంకోటి వెతుక్కోండి.