రాబిట్‌ఎంక్యూ-ప్లగిన్స్ కమాండ్: ఏళ్ల వాడకం తర్వాత

ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లు చేరవేసే రాబిట్‌ఎంక్యూ బ్రోకర్‌తో పాటే వచ్చే చిన్న కమాండ్ ఇది. బ్రోకర్ ప్లగిన్లను, అంటే అదనపు సౌకర్యాలను, ఆన్, ఆఫ్ చేస్తుంది. లిస్ట్, ఎనేబుల్, డిజేబుల్, సెట్, ఈజ్_ఎనేబుల్డ్, డైరెక్టరీస్: రోజువారీ పనంతా ఈ ఆరింటితోనే గడిచిపోతుంది. ఒంటి నోడ్ (ఒక్కో బ్రోకర్ సర్వర్) మీద, కలిసి పనిచేసే మూడు నోడ్ల క్లస్టర్ల మీద, కంటైనర్లలో చాలాకాలం వాడాక ఖాయంగా చెప్పగలిగింది ఒకటుంది. పని నమ్మకంగా చేస్తుంది. కానీ ఆన్‌లైన్‌లో (నడుస్తున్న నోడ్ మీదే) మార్చాలో ఆఫ్‌లైన్‌లో (ఫైల్‌లో మాత్రమే) మార్చాలో మీరు చెప్పకపోతే తనే నిర్ణయించుకుంటుంది. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం అక్కడ మొదలైనవే.

ముందు లిస్ట్ సంగతి. ప్రతి ప్లగిన్ పేరుకు ముందు చదరపు బ్రాకెట్లలో రెండు గుర్తులు వస్తాయి. పెద్ద 'ఈ' ఉంటే మీరే అడిగి ఆన్ చేసింది, చిన్న 'ఈ' ఉంటే వేరే ప్లగిన్‌కు అవసరమై దానంతటదే వచ్చింది. పక్కన నక్షత్రం ఉంటే నోడ్ మీద ఇప్పుడు నడుస్తున్నట్టు. బ్రౌజర్‌లో డాష్‌బోర్డ్ చూపించే రాబిట్‌ఎంక్యూ_మేనేజ్‌మెంట్ ఒక్కటే ఎనేబుల్ చేసి చూడండి: దానికి పెద్ద 'ఈ', దాని వెంట వచ్చిన మేనేజ్‌మెంట్_ఏజెంట్‌కు, వెబ్_డిస్పాచ్‌కు చిన్న 'ఈ' కనిపిస్తాయి. అక్షరం ఉండి నక్షత్రం లేదంటే ప్లగిన్ ఎనేబుల్ అయి ఉంది గానీ నడుస్తున్నట్టు రూఢి కాలేదు. అప్పుడు పై వరుస తప్పక చదవాలి. స్టేటస్ దగ్గర నోడ్ పేరుకు బదులు 'ఫెయిల్డ్ టు కాంటాక్ట్' అని ఉంటే, కమాండ్ అసలు బ్రోకర్‌తో మాట్లాడనే లేదు. చాలామంది ఆ వరుస వదిలేసి కింది పేర్లు మాత్రమే చూస్తారు.

అసలు మెలిక ఎనేబుల్‌లో ఉంది. నోడ్ అందుబాటులో ఉంటే ఈ కమాండ్ రెండు పనులు చేస్తుంది: ఎనేబుల్డ్_ప్లగిన్స్ ఫైల్‌లో పేరు రాస్తుంది, నడుస్తున్న నోడ్‌కు చెప్పి ప్లగిన్‌ను అప్పటికప్పుడే స్టార్ట్ చేయిస్తుంది. రీస్టార్ట్ అక్కర్లేదు. నోడ్ దొరక్కపోతే మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆగదు. ఫైల్ మార్చేసి, బ్రోకర్ రీస్టార్ట్ అయ్యాక అమల్లోకి వస్తుందని ఒక్క వాక్యం చూపించి, సక్సెస్ కోడ్‌తో ముగిసిపోతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, నోడ్ దొరకకపోవడమంటే నోడ్ ఆగిపోయిందనే కాదు. ఎర్లాంగ్ (రాబిట్‌ఎంక్యూను రాసిన భాష) కుకీ, అంటే నోడ్, కమాండ్ ఒకదాన్నొకటి నమ్మడానికి వాడే రహస్య పదం, కలవకపోయినా అంతే. నోడ్ /వర్/లిబ్/రాబిట్‌ఎంక్యూ కింద ఉన్న కుకీని చదువుతుంది, కమాండ్ నడిపే యూజర్ తన హోమ్ డైరెక్టరీలోని కుకీని చదువుతాడు. రెండూ ఒకటి కాకపోతే బ్రోకర్ చక్కగా నడుస్తున్నా కమాండ్ ఆఫ్‌లైన్‌కు జారిపోతుంది. మెషిన్ హోస్ట్‌నేమ్ మారి నోడ్ పేరు తేడా వచ్చినా ఇదే జరుగుతుంది.

దీని ఫలితం ఆలస్యంగా బయటపడుతుంది. డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్ పచ్చగా ముగుస్తుంది, మేనేజ్‌మెంట్ వాడే 15672 పోర్ట్ మాత్రం తెరుచుకోదు. అప్పుడెవరూ పట్టించుకోరు. నెలల తర్వాత ఏదో ప్యాచ్ కోసం నోడ్ రీస్టార్ట్ చేస్తే, అందరూ మరిచిపోయిన ప్లగిన్ ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. ఒకరు చేసిన మార్పుకు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు జవాబు వెతుక్కోవాలి. ఇది మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. అందాకా స్క్రిప్టుల్లో --ఆన్‌లైన్ గానీ --ఆఫ్‌లైన్ గానీ లేకుండా ఎనేబుల్ రాయకండి. --ఆన్‌లైన్ పెడితే నోడ్ దొరకనప్పుడు కమాండ్ నిజంగానే ఫెయిలవుతుంది.

కంటైనర్ ఇమేజ్ తయారీలో దీనికి వ్యతిరేకం. అక్కడ నోడ్ ఉండదు కాబట్టి --ఆఫ్‌లైన్ సరైనదే. క్లస్టర్‌లోని తోటి నోడ్లను వెతికే కుబెర్నెటీస్ పీర్ డిస్కవరీ లాంటి ప్లగిన్ బూట్ సమయానికే సిద్ధంగా ఉండాలి, నోడ్ లేచాక ఆన్ చేస్తే లాభం లేదు.

ఇక ఫైల్ గురించి. లినక్స్ ప్యాకేజీల్లో /ఈటీసీ/రాబిట్‌ఎంక్యూ కింద ఎనేబుల్డ్_ప్లగిన్స్ అనే పేరుతో ఉంటుంది. లోపల ఉండేది ఒక ఎర్లాంగ్ లిస్ట్: చదరపు బ్రాకెట్లలో కామాలతో పేర్లు, చివర ఒక చుక్క. ఆ చుక్క లేకపోతే ఫైల్‌ను చదవడం కుదరక నోడ్ బూట్ దగ్గరే ఆగిపోతుంది. చివరి పేరు తర్వాత అదనంగా కామా పెట్టినా ఇదే గతి. చేత్తో ఎడిట్ చేయకుండా కమాండ్‌తోనే మార్చమనేది అందుకే. కాన్ఫిగరేషన్ టూల్ టెంప్లేట్ ద్వారా ఈ ఫైల్ రాస్తుంటే, అదే సర్వర్ మీద కమాండ్‌తో మార్పులు చేయకండి. టూల్ మళ్లీ నడిచినప్పుడు మీ మార్పు చెరిగిపోతుంది.

సెట్‌ను ఎనేబుల్‌కు ఇంకో పేరనుకుని వాడేవాళ్లున్నారు, జాగ్రత్త. ఎనేబుల్ ఉన్నవాటికి కలుపుతుంది, సెట్ ఉన్న జాబితా మొత్తాన్ని తీసేసి మీరిచ్చింది పెడుతుంది. మేనేజ్‌మెంట్, షవల్, ఎంక్యూటీటీ నడుస్తున్న నోడ్ మీద 'సెట్ రాబిట్‌ఎంక్యూ_ప్రొమీథియస్' అని కొడితే ఆ మూడూ ఆగిపోతాయి. 1883 పోర్ట్ మీదున్న ఎంక్యూటీటీ క్లయింట్లన్నీ తెగిపోతాయి. పేర్లేమీ ఇవ్వకుండా కొడితే అన్నీ డిజేబుల్ అవుతాయి. అయినా పూర్తి జాబితా చేతిలో ఉన్న ఆటోమేషన్‌కు సెట్ చాలా మంచిది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే.

డిజేబుల్ చేస్తే ఆ ప్లగిన్ మీద ఆధారపడ్డవి కూడా ఆగుతాయి. మేనేజ్‌మెంట్_ఏజెంట్ తీసేస్తే మేనేజ్‌మెంట్ కూడా పోతుంది. కొత్త ఎక్స్‌చేంజ్ (వచ్చిన మెసేజ్‌లను క్యూలకు పంచే భాగం) రకాన్నిచ్చే ప్లగిన్ల విషయంలో దెబ్బ ఇంకా పెద్దది. కన్సిస్టెంట్ హాష్ ఎక్స్‌చేంజ్ ప్లగిన్‌ను ఆపితే డిక్లేర్ చేసిన ఎక్స్‌చేంజ్‌లు అలాగే ఉంటాయి, కానీ వాటిలోకి పబ్లిష్ చేసేవాళ్లకు ఆ రకం దొరకలేదని ప్రీకండిషన్_ఫెయిల్డ్ ఎర్రర్ వస్తుంది. డిలేడ్ మెసేజ్ ఎక్స్‌చేంజ్ అయితే, ఇంకా డెలివరీ కాని ఆలస్యపు మెసేజ్‌లన్నీ పోతాయి. తిరిగి ఎనేబుల్ చేసినా అవి రావు.

ఈ డిలేడ్ మెసేజ్ ప్లగిన్ బ్రోకర్‌తో రాదు, విడిగా దాని .ఈజెడ్ ఫైల్ (ప్లగిన్ ప్యాకేజీ) తెచ్చి పెట్టుకోవాలి. ఎక్కడ పెట్టాలో ఊహించొద్దు, డైరెక్టరీస్ అని కొడితే దారులు చూపిస్తుంది. డెబియన్ ప్యాకేజీలో వెర్షన్ నంబర్ ఉన్న ఫోల్డర్‌లో కాకుండా /యూఎస్ఆర్/లిబ్/రాబిట్‌ఎంక్యూ/ప్లగిన్స్‌లో పెట్టండి. వెర్షన్ ఫోల్డర్ అప్‌గ్రేడ్‌తో మారిపోతుంది, మీ ఫైల్ పాతదాంట్లోనే ఉండిపోతుంది. నోడ్‌ను నడిపే రాబిట్‌ఎంక్యూ యూజర్‌కు ఆ ఫైల్ చదివే అనుమతి ఉండాలి. రూట్ యూజర్‌కు మాత్రమే అనుమతి ఉంటే లిస్ట్‌లో కనిపిస్తుంది గానీ నోడ్ దాన్ని లోడ్ చేయలేదు. బ్రోకర్ సిరీస్‌కు సరిపడే వెర్షన్ తీసుకోండి, అప్‌గ్రేడ్ చేసేటప్పుడు పాత .ఈజెడ్ తీసేసి కొత్తది పెట్టండి.

క్లస్టర్‌లో ఒక నోడ్ మీద ఎనేబుల్ చేస్తే మిగతావాటికి పాకదు. ఎవరి జాబితా వారిది. డిలేడ్ మెసేజ్ ప్లగిన్ అన్ని నోడ్ల మీదా ఉండాలి. మేనేజ్‌మెంట్ ఒక్క చోట చాలనుకున్నా మిగతా నోడ్ల మీద కనీసం ఏజెంట్ నడవాలి, లేకపోతే డాష్‌బోర్డ్‌లో ఆ నోడ్ల గణాంకాలు రావు. -ఎన్ ఆప్షన్‌తో వేరే నోడ్‌ను పిలవొచ్చు గానీ, ఫైర్‌వాల్‌లో 4369, 25672 తెరిచి ఉండాలి. అందువల్ల నోడ్ ఉన్న మెషిన్‌లోకే వెళ్లి కొట్టడం తేలిక.

వేగం సాధారణమే. ప్రతి కమాండ్‌కూ కొత్తగా ఎర్లాంగ్ వర్చువల్ మెషిన్ లేస్తుంది, చిన్న సర్వర్ మీద అది తెలిసిపోతుంది. అందుకే నాలుగు ప్లగిన్లకు నాలుగు కమాండ్లు వద్దు, పేర్లన్నీ ఒకే ఎనేబుల్‌కు ఇవ్వండి. పది సెకన్లకోసారి హెల్త్ చెక్‌గా లిస్ట్ నడపడం మరీ దండగ.

ఎనేబుల్ అయ్యాక తనిఖీకి ఈజ్_ఎనేబుల్డ్ సరిపోతుంది: ప్లగిన్ ఆన్‌లో ఉంటే ఎగ్జిట్ కోడ్ సున్నా, లేకపోతే వేరే అంకె. దీనికి --ఆఫ్‌లైన్ ఇస్తే ఫైల్ మాత్రమే చూస్తుంది, కాబట్టి డిప్లాయ్‌మెంట్ తర్వాత --ఆన్‌లైన్‌తోనే అడగండి. ఆ వెంటనే రాబిట్‌ఎంక్యూ-డయాగ్నస్టిక్స్ లిజనర్స్ కొట్టి, మేనేజ్‌మెంట్‌కు 15672, ప్రొమీథియస్‌కు 15692, స్టాంప్‌కు 61613 కనిపిస్తున్నాయో లేదో చూడండి. పోర్టులన్నీ ఉండి కూడా వేరే మెషిన్ నుంచి బ్రోకర్‌తో వచ్చే గెస్ట్ యూజర్‌తో లాగిన్ కావట్లేదంటే తప్పు ప్లగిన్‌ది కాదు. రాబిట్‌ఎంక్యూ 3.3.0 వెర్షన్ నుంచి గెస్ట్ యూజర్ లోకల్‌హోస్ట్‌కే (అదే మెషిన్‌కే) పరిమితం, వేరే యూజర్‌ను సృష్టించుకోవాలి.