మైనస్ 6 పవరుకు చత్వారం తోడయ్యాక: ఒకే ఫ్రేముతో నాలుగేళ్లు

నాకు రెండు కళ్లకూ మైనస్ 6 పవరు ఉంది. నలభై నాలుగో ఏట చత్వారం కూడా రావడంతో చదవడానికి అదనంగా ప్లస్ 1.50 అవసరమైంది. అప్పుడు తీసుకున్న ప్రోగ్రెసివ్ (దూరానికీ చదవడానికీ ఒకే లెన్సులో పవరు క్రమంగా మారే) కళ్లజోడును నాలుగేళ్లుగా నిద్రపోయే వేళ తప్ప రోజంతా పెట్టుకుంటున్నాను.

దీనికి ముందు వాడిన జోడును అద్దంలో చూసుకుని ఎంచుకున్నాను. అసలు పొరపాటు అక్కడే జరిగింది. మైనస్ 6 ఉన్నవారికి కళ్లజోడు తీసేస్తే దాదాపు 17 సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ మసకబారుతుంది కాబట్టి, పవరు లేని నమూనా ఫ్రేము పెట్టుకుని ముఖాన్ని అద్దానికి బెత్తెడు దూరంలోపు చేర్చితే తప్ప ఏదీ స్పష్టంగా కనిపించదు. అంత దగ్గరగా చూస్తే ముఖానికి ఏది నప్పిందో తెలియదు. ఈసారి ఒక్కో ఫ్రేముతో ముందు నుంచీ పక్క నుంచీ ఫోటోలు తీయించుకుని, నా పాత జోడు పెట్టుకుని తీరిగ్గా చూసి నిర్ణయించుకున్నాను. పవరున్న ప్రతి ఒక్కరూ ఇలాగే చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఫ్రేము చేయి లోపలి వైపు సన్నగా అచ్చువేసిన అంకెలు ఉంటాయి. పాత దానిపై 56, 18 అని ఉండేది. మొదటిది ఒక్కో లెన్సు వెడల్పు, రెండవది ముక్కు మీది ఎడం, రెండూ మిల్లీమీటర్లలో. కలిపితే 74. నా కనుపాపల మధ్య దూరం 62 మాత్రమే. అంటే కనుపాపకు ఎదురుగా వచ్చేలా ఒక్కో లెన్సు కేంద్రాన్ని 6 మిల్లీమీటర్లు లోపలికి జరపవలసి వచ్చింది. మైనస్ లెన్సు మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది కనుక ఆ జరిపిన మేరకు బయటి అంచు మరింత దళసరి అయింది, బరువూ పెరిగింది. ఇప్పటి ఫ్రేము 48, 18. జరపవలసింది 2 మిల్లీమీటర్లే. కాస్త గుండ్రని ఆకారం, ముదురు గోధుమ రంగు ఎసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) అంచు. మిగిలిన మందాన్ని ఆ అంచే కప్పేస్తుంది. చూసినవారు పవరు తగ్గిందా అని అడిగారంటే ఎంత తేడా వచ్చిందో ఊహించవచ్చు.

నేను మొదట మనసుపడ్డది మాత్రం సన్నని, ఎత్తు తక్కువైన దీర్ఘచతురస్రాకారపు ఫ్రేము. దానిని వదులుకోవడానికి బాధపడ్డాను. ప్రోగ్రెసివ్ లెన్సులో దూరపు చూపు పైన, చదివే భాగం కింద ఉంటాయి కాబట్టి, ఎత్తు చాలకపోతే కోతకు గురయ్యేది చదివే భాగమే. నా ఫ్రేములో కనుపాప నుంచి కింది అంచు దాకా 20 మిల్లీమీటర్లు ఉంది, పుస్తకం చదువుతుంటే మెడ ఎత్తవలసిన అవసరం రాలేదు. మొదటి రెండు వారాలు మెట్లు దిగేటప్పుడు నేల ఊగినట్లనిపించింది, తరువాత ఆ ఇబ్బంది పోయింది.

లెన్సులకు 1.67 ఇండెక్సు పదార్థం, అంటే కాంతిని ఎక్కువగా వంచడం వల్ల పలచగా చేయగలిగే రకం, తీసుకున్నాను. పలచదనం నిజమే, కానీ రాత్రి దీపాన్ని లెన్సు అంచు గుండా చూస్తే చుట్టూ సన్నని నీలిరంగు చార కనిపిస్తుంది. సాధారణ ప్లాస్టిక్ లెన్సులతో నాకిది ఇంతగా తెలియలేదు. ప్రతిబింబాలను తగ్గించే పూత వల్ల ఎదుటివారికి నా కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. మూడో ఏట చదివే పవరు 2.00కు పెరిగినప్పుడు అదే ఫ్రేములో కొత్త లెన్సులు వేయించుకోగలిగాను.

ఇక లోపాల మాట. చెమటకు చెవుల దగ్గర ఎసిటేట్ తెల్లగా పాలిపోయింది. అంతకన్నా ఇబ్బంది ముక్కు దగ్గర. అక్కడ విడి మెత్తలు లేకపోవడంతో ఉక్కపోత రోజుల్లో జోడు కిందికి జారుతుంది, జారినప్పుడల్లా చదివే భాగమూ దిగిపోయి అక్షరాలు మసకబారతాయి. ఫ్రేము చేతులను వేడిచేసి వంచి సరిచేయించినా కొన్ని నెలలకు మళ్లీ వదులవుతుంది. తరువాతి జోడుకూ ఇవే కొలతలు ఉంచుతాను, అయితే ముక్కుకు తగ్గట్టు వంచుకోగలిగే సిలికాన్ మెత్తలున్న ఫ్రేమునే తీసుకుంటాను.