రాజు ప్రతినిధా, రాష్ట్రపతా? కొత్తగా స్వతంత్రమైన దేశానికి ఏది మేలు?

1947 ఆగస్టు 15న భారత్, పాకిస్తాన్ ఒకే చట్టం కింద బయలుదేరాయి. రెండింటికీ చెరొక గవర్నర్ జనరల్, అంటే బ్రిటన్ రాజు ప్రతినిధి. రెండూ 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్నే సవరించుకుని తాత్కాలిక రాజ్యాంగంగా వాడుకున్నాయి. ఇక్కడ మౌంట్‌బాటన్, 1948 జూన్ 21 నుంచి రాజగోపాలాచారి మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకున్నారు. 1950 జనవరి 26న ఆ పదవి గొడవేమీ లేకుండా ముగిసింది. అక్కడ గవర్నర్ జనరలూ రాజ్యాంగ సభ అధ్యక్షుడూ జిన్నాయే. స్వాతంత్ర్యం వచ్చిన వారానికే వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో ఖాన్ సాహెబ్ మంత్రివర్గం ఆయన ఆదేశంతో బర్తరఫ్ అయింది.

అసలు దెబ్బ తర్వాత పడింది. మంత్రులు గవర్నర్ జనరల్ ఇష్టమున్నంత కాలం పదవిలో ఉంటారని ఆ 1935 చట్టంలో ఉంది. 1953 ఏప్రిల్ 17న అప్పటి పాకిస్తాన్ గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ఆ మాటనే పట్టుకుని, సభలో బడ్జెట్ నెగ్గించుకున్న ప్రధాని నజీముద్దీన్‌ను తొలగించాడు. మరుసటి ఏడాది సభ ఆ అధికారాన్ని కత్తిరిస్తూ సవరణ చేస్తే, అక్టోబరు 24న సభనే రద్దు చేశాడు. స్పీకర్ తమీజుద్దీన్ ఖాన్ సింధ్ చీఫ్ కోర్టులో గెలిచాడు, ఫెడరల్ కోర్టులో ఓడాడు. కారణం చూడండి: రాజ్యాంగ సభ చేసిన చట్టాలకు గవర్నర్ జనరల్ ఆమోదం అక్కర్లేదని అన్నేళ్లూ అందరూ అనుకున్నారు. ఆమోదం ఉండి తీరాలని కోర్టు 1955లో తేల్చడంతో ఆయన ఆధారపడిన చట్టమే చెల్లకుండా పోయింది. ఎవరి సంతకంతో బిల్లు చట్టమవుతుందో మొదటి రోజే రాసుకోకపోతే ఇంత నష్టం!

కొత్త దేశం ముందు ప్రధానంగా మూడు దారులు ఉంటాయి.

మొదటిది, ప్రధాని పేరు చెబితే రాజు నియమించే గవర్నర్ జనరల్. దీనికి ఎన్నిక అక్కర్లేదు, ఒక నియామక పత్రం చాలు, తొలి రోజు నుంచే పని నడుస్తుంది. చిక్కు తొలగింపులో ఉంది. ప్రధాని రాజుకు ఉత్తరం రాసి ఈయన్ను తీయించగలడు; ఈయన కూడా ప్రధానిని తీసేయగలడు. ఎవరు ముందు కదిలితే వారిది పైచేయి. 1975 నవంబరు 11న ఆస్ట్రేలియాలో గవర్నర్ జనరల్ కెర్ ముందుగా హెచ్చరించకుండానే ప్రధాని విట్లమ్‌ను తొలగించడానికి ఇదొక కారణం. 2013లో పసిఫిక్ ద్వీప దేశం తువాలులోనూ ఇదే పందెం. మెజారిటీ పోయిన ప్రధాని టెలావీ పార్లమెంటును నడవనివ్వలేదు, పైగా గవర్నర్ జనరల్ ఇటలేలీని మార్చమని రాణికి రాశాడు. ఆ మార్పు జరగకముందే, ఆగస్టు 1న, ఇటలేలీ ఆయన్ను తొలగించాడు. ఈసారి ఫలితం మంచికే వచ్చింది, సభ కొత్త ప్రధానిని ఎన్నుకుంది. కానీ ఎక్కడో ఉన్న రాజభవనానికి ఉత్తరం చేరే వేగం మీద ఒక దేశ ప్రభుత్వం ఆధారపడటం ఏ రకంగానూ సమ్మతం కాదు.

రెండోది పాపువా న్యూ గినియా 1975లో ఎంచుకున్న దారి. గవర్నర్ జనరల్‌ను పార్లమెంటు రహస్య బ్యాలట్‌తో ఎన్నుకుంటుంది, రాజు ఆ పేరునే నియమిస్తాడు. పదవీకాలం ఆరేళ్లు, రెండోసారికి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. ఎంపిక ప్రధాని ఒక్కడి చేతిలో ఉండదు కాబట్టి మొదటి దారి కంటే ఇది నిశ్చయంగా నయం. అయితే పద్ధతిని అక్షరాలా పాటించాలి: రహస్య బ్యాలట్ లేకుండా గవర్నర్ జనరల్ మతానేను మళ్లీ ఎన్నుకుంటే 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది.

మూడోది, రాజును వదిలేసి పార్లమెంటు ఎన్నుకునే రాష్ట్రపతి. కరీబియన్ ద్వీప దేశం బార్బడోస్ 2021 నవంబరు 30న ఈ దారికి మారింది. చివరి గవర్నర్ జనరల్ సాండ్రా మేసన్‌నే తొలి రాష్ట్రపతిగా ఎన్నుకోవడంతో అధికార మార్పిడిలో ఖాళీ రాలేదు. తొలగింపు ఆలస్యంగా జరిగే వ్యవహారం కాబట్టి పందెం ఉండదు. మన రాష్ట్రపతి అభిశంసననే చూడండి: 14 రోజుల నోటీసు, ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు. కానీ పేరు మారినంత మాత్రాన పాత ఖాళీలు పూడవు. మంత్రివర్గం సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని మన రాజ్యాంగంలో సూటిగా చేరింది 1976లో, 42వ సవరణతో. ఆమోదానికి గడువు లేకపోవడంతో 1986 నాటి పోస్టాఫీసు బిల్లు అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ దగ్గరే ఆగిపోయింది.

నా తీర్పు ఇది: రాజ్యాంగం రాసుకునే రెండు మూడేళ్లకు మొదటి దారి చాలు, తర్వాత మూడోది. రాజును ఉంచుకోవాలని ప్రజలు కోరుకుంటేనే రెండోది. ఏది ఎంచుకున్నా నాలుగు సంగతులు రాతలో ఉండాలి: బిల్లు ఎన్ని రోజుల్లో సంతకం కావాలి, సభలో ఓడని ప్రధానిని ఎవరూ తీయకూడదు, సభను ఎన్ని రోజుల్లోపు పిలిచి తీరాలి, పదవి ఖాళీ అయితే ఎవరు కూర్చోవాలి. ఈ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పాపువా న్యూ గినియాలో ఆ కుర్చీ స్పీకర్‌కు వెళ్తుంది. 2011 డిసెంబరులో సోమారే, ఓనీల్ ఇద్దరూ ప్రధాని నేనంటే నేనన్నారు. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం గవర్నర్ జనరల్ ఓగియో సోమారేను గుర్తిస్తే, పార్లమెంటు ఓగియోనే సస్పెండ్ చేసింది. తాత్కాలికంగా ఆ కుర్చీ ఎక్కిన స్పీకర్ నేప్ ఓనీల్ చేత ప్రమాణం చేయించాడు. ఆయన ఓనీల్ పక్షం మనిషే.