3.5 రూల్స్‌తో విలన్‌ని కట్టడం: ఏళ్ల తరబడి వాడాక

వెబ్‌కామిక్ చదివి 'ఇట్లాంటి విలన్ మన టేబుల్ మీద కూడా ఉండాల' అనుకునే డీఎంలకు (ఆట నడిపే డంజియన్ మాస్టర్లకు) ముందే చెప్పేస్తున్నా: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ పాత్రలు ఆడే ఆట) 3.5 ఎడిషన్ విలన్‌ని తయారుచేయడానికి అద్భుతం, అదే విలన్‌తో ఫైట్ నడపడానికి అంతంతమాత్రం. తిరుపతిలో మా ఆదివారం బ్యాచ్‌కి ఏళ్లుగా ఈ రూల్స్‌తోనే ఆట నడుపుతున్నా. 2014లో ఐదో ఎడిషన్ వచ్చినా 2003 నాటి దీన్ని పట్టుకుని వేలాడుతున్నానంటే కారణం విలన్లే.

నాకీ పిచ్చి పట్టించింది 'ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్'. అదీ 2003లో మొదలైందే. చూడ్డానికి పుల్లల బొమ్మలు, లోపల నడిచేది మాత్రం 3.5 లెక్కలు. అందులో పెద్ద విలన్ సార్సరర్‌గా (మాంత్రికుడిగా) ఉండి లిచ్‌గా (చచ్చినా పోని మాంత్రికుడిగా) మారిన అస్థిపంజరం. సార్సరర్ ఎవడైనా తొమ్మిదో స్థాయి మంత్రం వేశాడంటే కనీసం 18వ లెవెల్ అని రూల్స్ తెలిసినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఎందుకంటే ఈ ఎడిషన్‌లో హీరోకీ విలన్‌కీ అవే క్లాసులు (పాత్ర వృత్తులు), అవే ఫీట్లు (ప్రత్యేక సామర్థ్యాలు), అవే స్కిల్ పాయింట్లు (నైపుణ్యాలకి పంచేవి). 2014 నాటి ఐదో ఎడిషన్‌లో లిచ్ రెడీమేడ్‌గా దొరుకుతుంది: 135 హిట్ పాయింట్లు (ప్రాణబలం), ఛాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 21. సౌకర్యమే, కాదనను. కానీ లిచ్ కాకముందు వాడెవడో ఆ షీట్ చూస్తే తెలీదు.

3.5లో అది తెలుస్తుంది, ఒక్కోసారి మరీ ఎక్కువగా తెలుస్తుంది. లిచ్ అంటే చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి బాపతు. ఆ చిలక ఇక్కడ ఫైలాక్టరీ. దాన్ని చేసుకోవాలంటే 11వ క్యాస్టర్ లెవెల్ (మంత్రాలు వేసే స్థాయి) ఉండాలి, 1,20,000 బంగారు నాణేలు, 4,800 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) ఖర్చు పెట్టాలి. డీఎం పుస్తకంలో పట్టిక తీస్తే 11వ లెవెల్ ఎన్‌పీసీకి (డీఎం ఆడించే పాత్రకి) ఇచ్చే సామాను విలువ మొత్తం 21,000! మిగతా లక్ష ఎక్కడినుంచి వచ్చింది? డీఎం కదా, కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చు. నేను ఇవ్వను. ఎవరిని దోచాడు, ఎవరి దగ్గర అప్పు చేశాడు, ఆ అప్పిచ్చినవాడు ఇప్పుడేం అడుగుతున్నాడు అని రాసుకుంటూ పోతే కథ దానంతటదే వస్తుంది. నా బిల్డుల్లో సగం కథలు ఇట్లా బొక్కసం లెక్క కుదరకే పుట్టాయి.

నేను కట్టినవాళ్లలో బాగా ఇష్టమైనవాడు మాత్రం లిచ్ కాదు, పాలెగాడు. గంగమ్మ జాతర కథ తిరుపతిలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు: ఆడవాళ్లని పీడించే పాలెగాడు అమ్మకి భయపడి దాక్కుంటాడు, ఆమె రోజుకో వేషం వేసి వెతుకుతుంది, దొర వేషానికి మోసపోయి వాడు బయటికొస్తాడు. దాన్ని 8వ లెవెల్ హ్యూమన్ రోగ్‌గా (చాటుమాటు పనుల క్లాసు) కట్టా. ఇంటెలిజెన్స్ 14 పెడితే స్కిల్ పాయింట్లు 121 వస్తాయి. వాటిని పంచడానికే ఒక సాయంత్రం పడుతుంది, కానీ మనిషి తయారయ్యేది అక్కడే. బ్లఫ్ (బుకాయింపు), హైడ్ (దాక్కోవడం) రెండింటికీ గరిష్ఠంగా 11 ర్యాంకులు. స్పాట్‌కి (చూసి పసిగట్టడానికి) సున్నా, విజ్‌డమ్ 8. ఎదుటివాడి మొహం పరికించి చూసే అలవాటు వాడికి జన్మలో లేదు, ఆ అవసరమూ పడలేదు. జాడ పసిగట్టే మంత్రాల నుంచి కాపాడే తాయెత్తు ఇద్దామంటే దాని ధర 35,000, వాడి సామాను మొత్తం 9,400. అందుకే వాడు గుహలో దాక్కున్నాడు.

మూడో వారానికి మా బార్డ్ (గాయకుడి క్లాసు) ఆడే అమ్మాయి పట్టేసింది. "అన్నా, ఇది జాతర కదా! మేమే వేషం వేస్తాం, దొర వేషం." డిస్‌గైజ్‌కి (మారువేషానికి) ఇరవై ముఖాల డైస్ వేస్తే 10 పడింది, బోనస్ 14, మొత్తం 24. విజ్‌డమ్ 8 వల్ల మా పాలెగాడికి స్పాట్ మైనస్ 1. ఇరవై పడినా 19 దాటదు. అయినా డైస్ అందరి ముందే వేశా. 17 పడేసరికి గదిలో గోల. మైనస్ 1 పోను 16. వాడు "దొరా" అంటూ చేతులు కట్టుకుని బయటికొచ్చాడు. విలన్‌కి వేరే రూల్స్ ఉంటే 'డీఎం దయ తలిచాడు' అనేవాళ్లు. ఇక్కడ ఆ మాట ఎవరూ అనలేదు.

ఆ తర్వాతే నీరుగారిపోయింది. వాడికి 38 హిట్ పాయింట్లు, ఎదురుగా ఐదుగురు. వాడికొక టర్న్, వీళ్లకి ఐదు. రెండో రౌండ్ పూర్తి కాకముందే తల తెగింది. మా ఫైటర్ కత్తి పట్టుకున్నట్టే కూర్చుని, "ఇంతేనా సామీ?" అన్నాడు. 121 పాయింట్లలో ఆ రోజు టేబుల్ మీద కనపడింది రెండు మూడు స్కిల్సే.

ఇది ఒక్క పాలెగాడి సంగతి కాదు, ఒంటరి విలన్ ఎవడైనా 3.5లో ఇట్లాగే పోతాడు. అందుకే ఐదో ఎడిషన్ నుంచి ఒకటి ఎత్తుకొచ్చా: లెజెండరీ రెసిస్టెన్స్. సేవింగ్ త్రో (మంత్రాల్లాంటి వాటి దెబ్బ తప్పించుకోవడానికి వేసే డైస్) పోయినా రోజుకి మూడుసార్లు నెగ్గినట్టే లెక్క. ఒకే రూల్ అనే పట్టుదలకి ఇది మచ్చే, తప్పదు. దానికంటే బాగా పనిచేసేది విలన్ పక్కన ఇంకో బుర్ర. ఆ వెబ్‌కామిక్‌లో లిచ్ వెనకాల గోబ్లిన్ పూజారి ఉంటాడు చూడండి, అట్లా సొంత లెక్కలున్నవాడు. వాడినీ పూర్తిగా కట్టాలి. వెనక నిలబడే పదిమంది గూండాలకి మాత్రం రెడీమేడ్ షీట్లు చాలు, వాళ్లకి ఫీట్లు ఏరుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఆఫీసు నుంచి వచ్చి గంటలో ఆట సిద్ధం చేసుకోవాల్సినవాళ్లు దీని జోలికి పోకండి. ఖాళీ సాయంత్రాలుండి, లెక్కలంటే సరదా ఉంటే మొదట 5 నుంచి 8వ లెవెల్ మధ్య రోగ్‌నో ఫైటర్‌నో కట్టండి. రూల్స్ మూలం ఎస్‌ఆర్‌డీ ఉచితంగా దొరుకుతుంది, కావాల్సిన పేజీలు జిరాక్స్ తీసుకుంటే సరిపోతుంది. మంత్రగాళ్ల జోలికి తర్వాత పోవచ్చు. 12వ లెవెల్ దాటిన విజర్డ్‌కి ఏ రోజు ఏ మంత్రం సిద్ధం చేసుకున్నాడో రాసుకోవడానికే ఒక పేజీ పోతుంది, ఫైట్ మధ్యలో ఆ పేజీ వెతుక్కోవడం నరకం.